‘మనవారే’ రాసిన మాస్టారు

మొన్న ఆడిట్ వాళ్ల దగ్గర్నుంచి కాగితం వచ్చింది. మా కాలేజీ పోర్టల్ లాగిన్ కోడ్ అంతా జల్లెడ పట్టారట. పధ్నాలుగో ప్రశ్న ఇదీ: ‘‘మనవారే అనే మెథడ్ ఏమిటి? ఎవరు రాశారు? ఎందుకు ఉంచారు? ఒక్క వాక్యంలో తెలపండి.’’ మెథడ్ అంటే కోడ్‌లో ఒక పని చేసిపెట్టే ముక్క. జవాబు రాయడానికి పక్కనే అగ్గిపెట్టెంత గడి.

ఒక్క వాక్యంలోనట! చదవగానే ఒళ్లు మండింది. ఎవరు రాశారు అన్నదానికే నాకో పూట పడుతుంది. చివరికి ‘‘అవసరం ఉంది, ఉంచాం’’ అని గడి నింపి పంపేశాను. గడిలో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

రాసినాయన లెక్కల మాస్టారు. కిందటి వానాకాలంలో పోయారు. మామిడికుదురు పక్కన ఊరు. హాల్ టికెట్ల కోసం పిల్లలు ఆఫీసు కిటికీ దగ్గర తోసుకోవడం చూడలేక, యాభై దాటాక పుస్తకం ముందేసుకుని జావా నేర్చుకుని కాలేజీకి పోర్టల్ కట్టిన మనిషి. ఆయన రిటైరయ్యాక ఆ పని చూడటానికి నన్ను తీసుకున్నారు. అప్పటికి నేను హైదరాబాదులో రెండేళ్లు ఉద్యోగం వెలగబెట్టి, కొత్తపేటలో మా ఇంటికి తిరిగొచ్చి ఉన్నాను. నాకు అన్నీ తెలుసు. అంటే, అప్పట్లో అలా అనుకునేదాన్ని.

పని అప్పజెప్పడానికి మాస్టారు ఓ నెలపాటు రోజూ వచ్చారు. ల్యాబ్ గుమ్మం బయటే చెప్పులు విప్పేవారు. లోపల గచ్చు పగిలిపోయి, మూలల్లో దుమ్ము పేరుకుని, మేమందరం చెప్పులతోనే తిరుగుతుంటే ఆయన మాత్రం ఉత్త కాళ్లతో వచ్చి కుర్చీలో కూర్చునేవారు. చేతిలో ఎర్ర అట్ట వేసి బైండు చేయించిన పుస్తకం. పోర్టల్ కోడ్ మొత్తం ప్రింటు తీయించి కుట్టించారు. దాన్ని నా ముందు తెరిచి పెట్టారు.

‘‘చదవండి అమ్మాయిగారూ.’’

‘‘నిన్న సాయంత్రమే చదివేనండి మాస్టారూ.’’

‘‘కళ్లతో చదివేరు. నోటితో చదవండి.’’

నవ్వులాట అనుకున్నాను. కాదు. ఆదివారం గుడిలో బైబిలు వాక్యం చదివే పని కూడా ఆయనదే, అలవాటు అక్కణ్నుంచి వచ్చింది. వేలు లైను కింద పెట్టి, ఒక్కో మాటా విడదీసి, పైకి చదవాలి. సెమికోలన్ వస్తే ఆగాలి. ఆగకుండా పరిగెత్తితే బల్ల మీద వేలితో టక్‌మని కొట్టేవారు. ‘‘అక్కడ వాక్యం అయిపోయిందండీ. ఊపిరి తీసుకోండి.’’ పేజీ తప్పుల్లేకుండా చదివితే స్టీలు డబ్బా మూత తీసి కొబ్బరి లౌజు ఒకటి ఇచ్చేవారు. ఇరవై ఎనిమిదేళ్ల దాన్ని, ఇంజనీరింగు చదివిన దాన్ని, లౌజు కోసం ఎక్కాలు ఒప్పజెప్పినట్టు కోడ్ ఒప్పజెప్పాను. ఇంటికెళ్లి మా అమ్మ దగ్గర రోజూ గొణిగేదాన్ని. ‘‘ముసలాయన చాదస్తంతో నా ప్రాణం తీస్తున్నాడమ్మా’’ అని.

ఆయన నోట ‘యూజర్’ అన్న మాట రాగా నేను వినలేదు. ‘వచ్చినవారు’ అనేవారు. లాగిన్ అంటే ఆయన లెక్కలో మూడు ప్రశ్నలు. ‘‘వచ్చినవారిని ముందు ఎవరండీ అని అడుగుతాం. మీరేనని గుర్తేంటండీ అని అడుగుతాం. ఏ గదిలోకండీ అని అడుగుతాం. చేతిలో ఓ చీటీ పెట్టి లోపలికి పంపుతాం. ఆ చీటీని మీరు సెషన్ అంటారు. అంతేనండి, ఇంకేం లేదు.’’ నేను నాలుగేళ్లు చదివి, రెండేళ్లు పనిచేసి కూడా ఇంత తేలిగ్గా ఎవరికీ చెప్పలేకపోయాను. ఆ సంగతి అప్పుడు ఒప్పుకోలేదనుకోండి.

పోర్టల్ కూడా ఆయనలాగే మాట్లాడేది. పాస్‌వర్డ్ తప్పు కొడితే ఎక్కడైనా ఎర్రక్షరాలతో కసురుతుంది. మా పోర్టల్‌లో మాత్రం ‘‘పాస్‌వర్డ్ కలవలేదండీ, మరోసారి చూడండి’’ అని వచ్చేది. మూడుసార్లు తప్పితే ‘‘కంగారు పడకండి, కాసేపాగి రండి’’ అనేది. ఇదేమిటండీ, కాలేజీ పోర్టల్ ఇలా బతిమాలుతుందేమిటని ఓసారి కమిటీలో ఎవరో అన్నారట. ‘‘తలుపు తియ్యనప్పుడు మాటైనా మెత్తగా ఉండాలి కదండీ’’ అన్నారట ఈయన.

ఆయనకు భయమంటూ ఉంటే ఒక్కదానికే. మరుపు. వాళ్లమ్మగారు ఆఖరి ఏళ్లలో అన్నీ మర్చిపోయారు. కన్న కొడుకుని పట్టుకుని ‘‘మీరెవరి తాలూకండీ?’’ అని మర్యాదగా అడిగేవారట. అది చెప్పేటప్పుడు మాస్టారు నవ్వబోయి నవ్వలేకపోయేవారు. ఆ మరుపు తనకెక్కడ వస్తుందోనని రోజూ కాపలా కాసేవారు. పొద్దున్నే మొదటి బ్యాచ్ పిల్లల రోల్ నంబర్లూ పేర్లూ వరసగా అప్పజెప్పుకునేవారు. జేబులో డైరీ. కళ్లజోడు ఎక్కడ పెట్టారో ఒక్క క్షణం తట్టకపోయినా మొహం పాలిపోయేది. మేం ‘‘మాకూ అంతేనండీ, మేమూ మర్చిపోతాం’’ అంటే, ‘‘మీకు ఫర్వాలేదండి’’ అనేవారు.

నెల అయిపోయింది. ఎర్ర పుస్తకం నాకిచ్చి వెళ్లిపోయారు. నేను దాన్ని సొరుగులో పడేసి, తాళం కూడా వేశాను.

ఆ పుస్తకంలో చివరి నలభై పేజీలు మేం చదవలేదు. ఆఖరి వారం నాకు జ్వరం అని అబద్ధమాడి తప్పించుకున్నాను. ‘మనవారే’ ఆ పేజీల్లోనే ఉంది.

ఆర్నెల్లకు పై నుంచి ఆర్డరు వచ్చింది. పాస్‌వర్డులు వద్దు, ఫోనుకు ఓటీపీ పంపి లోపలికి రానివ్వండి అని. నాకు పండగే. చాదస్తం అంతా పెకలించే రోజొచ్చిందని కోడ్ తెరిచి కూర్చున్నాను. అండీలన్నీ పీకేశాను. పాస్‌వర్డులు పీకేశాను. అప్పుడు కనబడింది ఈ మెథడ్. పాస్‌వర్డ్ మర్చిపోయిన పిల్లలకోసం పెట్టిన దారి అది. పిల్ల తనకు పాఠం చెప్పే మాస్టారినో మేడమ్‌నో ఎంచుకుంటుంది. వాళ్ల తెర మీద ‘‘ఈ అమ్మాయి మీకు తెలుసాండీ?’’ అని వస్తుంది. కింద, మా వైపు అవుననే తీరులో, ‘‘ఆయ్, మనవారే’’ అని ఒక మీట. వాళ్లు అది నొక్కితే ఆ పిల్లకు తలుపు తెరుచుకుంటుంది.

పగలబడి నవ్వాను. సెక్యూరిటీ అంటే ఇదా? పెళ్లి భోజనాల దగ్గర గుమ్మంలో నిలబడి ‘మనోళ్లేలే రానియ్’ అన్నట్టు! ఒక్క లైను కూడా పైకి చదవకుండా మొత్తం తీసేశాను. ఆ మెథడ్ పైన ఎప్పుడు పనికొస్తుందో మాస్టారు నాలుగు లైన్లు రాసి ఉంచారు. వాటినీ తీసేశాను.

తరవాత పరీక్షల రిజిస్ట్రేషన్ వచ్చింది. మన పిల్లలు ఆఖరి రోజు దాకా కదలరు కదా. ఆఖరి రోజు పొద్దున పది గంటలకు ల్యాబ్ ముందు పిల్లలు గుంపు కట్టారు. సాయంత్రం ఐదుకు లిస్టు యూనివర్సిటీకి వెళ్లిపోవాలి. అందులో పేరు లేకపోతే పరీక్ష లేదు. ముందు నిలబడ్డది ముమ్మిడివరం అమ్మాయి, ఆఖరి సంవత్సరం.

‘‘ఓటీపీ రావట్లేదండీ మేడమ్.’’

‘‘ఏ నంబరిచ్చేవమ్మా?’’

‘‘మా అమ్మదండి. కువైట్‌ది.’’

వెనక వరసలో ఉన్నవాళ్లందరూ అదే చెప్పారు. కువైట్, మస్కట్, దోహా. మా వైపు ఇళ్లలో ఇది మామూలే. ఇక్కడి సిమ్ములు ఆర్నెల్లకోటి మారతాయి. మారనిది గల్ఫ్‌లో ఉన్నవాళ్ల నంబరే. అడ్మిషన్ కాగితంలో ఇంటి నంబరు రాయమంటే అదే రాస్తారు. అమ్మ పనిచేసే ఇంట్లో పని వేళల్లో ఫోను చేతికివ్వరు. రాత్రి ఇస్తారు. నేను పెట్టిన ఓటీపీ బతికేది పది నిమిషాలు.

నంబరు మారుద్దామా అంటే, మార్చాలన్నా ఆ పాత నంబరుకే ఓటీపీ వెళ్లాలి. ఆ రూలు రాసిన మహాతల్లిని నేనే. మొత్తం ముప్పై ఒక్క మంది. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి పరిగెత్తి, నంబర్లు నా చేత్తో మార్చేస్తానన్నాను. ఎవరిదో ఏమిటో సాక్ష్యం లేకుండా ఎలా మారుస్తారు, రేపు ఎవరి హాల్ టికెట్ ఎవరు పట్టుకుపోతారో అని ఆయన ఒప్పుకోలేదు. అది న్యాయమే. తరవాత అడిగారు, ‘‘అసలు ఇలా ఎందుకు జరిగిందమ్మా?’’ అని.

నా నోట్లోంచి వచ్చిన మాట ఇదీ: ‘‘పాత కోడ్ అండీ. మాస్టారు ఫారిన్ నంబర్ల సంగతి చూసుకోలేదు.’’

అనేశాక తట్టింది. నేను నవ్వుతూ తీసేసిన నాలుగు లైన్లలో కువైట్ అన్న మాట కంటబడింది. అప్పుడైనా నోరు తెరవాలి. తెరవలేదు. ప్రిన్సిపాల్ గారు అప్పటికే మాస్టారికి ఫోను కలిపేశారు.

‘‘ఫారిన్ నంబర్లాండీ?’’ అటు నుంచి మాస్టారి గొంతు. ‘‘అది చూసేనండీ... చూసేననుకున్నాను. చూళ్లేదాండీ?’’ డైరీ కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. ‘‘వస్తన్నానండి. బయల్దేరుతున్నాను.’’

పన్నెండున్నరకు ఆటో దిగారు. చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నారు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, బయట నిలబడ్డ పిల్లలందరికీ ‘‘చూద్దామండీ, చూద్దాం’’ అని చెప్పి లోపలికొచ్చారు. నన్ను ఒక్క మాట అడగలేదు. తెర ముందు కూర్చుని, వేలు పెట్టి చదవడం మొదలెట్టారు. పైకే. కానీ గుడిలో చదివే గొంతు కాదది. లోపల్లోపలే మింగేస్తున్నట్టుంది. నేను పీకేసిన అండీలు ఆయనకు కనబడే ఉంటాయి. వేలు ముందుకే జరిపారు. చదువుతూ చదువుతూ ఓ చోట ఆగిపోయారు.

‘‘ఇక్కడ ఒకటి ఉండాలండీ.’’

నేను కీబోర్డు మీది దుమ్ము తుడుస్తూ కూర్చున్నాను.

‘‘ఉండాలి కదండీ అమ్మాయిగారూ? మనవారే అని. తల్లులు దేశంలో లేని పిల్లలు పాస్‌వర్డ్ మర్చిపోతే ఎలాగని పెట్టేను. పెట్టేననుకున్నాను.’’ పైకీ కిందికీ రెండుసార్లు వెతికారు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ వెతికారు. తరవాత చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. ‘‘రాసుండను. రాయాలనుకుని, రాసేసేననుకున్నానన్నమాట. ఇలాగే మొదలవుద్దండీ. మా అమ్మగారు పొయ్యి మీద పాలు పెట్టేనని చెప్పేవారు. వెళ్లి చూస్తే పొయ్యే వెలిగించి ఉండేవారు కాదు.’’

ఆ కంగారులో ఆయనకు తట్టలేదు గానీ, నేను కూర్చున్న బల్ల సొరుగులోనే ఎర్ర పుస్తకం ఉంది. తాళం చెవి నా బ్యాగులో ఉంది. ఆ రెంటికీ మధ్య నా చెయ్యి ఉంది. అయినా కదల్లేదు. ఇప్పుడు చెబితే ప్రిన్సిపాల్ గారికి తెలుస్తుంది, ఉద్యోగం పోతుంది, ఊళ్లో నవ్వుతారు అని లోపల గోల. పోనీ ఆయనే మళ్లీ రాసేస్తారు, పిల్లల పని అయిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు అని కూడా అనుకున్నాను. అంత నీచంగా ఆలోచించాను. దాచుకోవడం ఎందుకు?

ఆయన కాగితం అడిగారు. ఇచ్చాను. మళ్లీ రాయడం మొదలెట్టారు. నాలుగు లైన్లు రాసి కొట్టేశారు. మళ్లీ రాశారు. దాన్నీ కొట్టేశారు.

‘‘సాక్ష్యం చెప్పిన మాస్టారి పేరు ఎక్కడ దాచాలో తట్టట్లేదండీ. ఇంతకు ముందు తట్టేది.’’ పెన్ను కింద పెట్టేశారు. ‘‘అమ్మాయిగారూ, ఓ సాయం చేస్తారా? ఇంట్లో వాళ్లకి ఇప్పుడే చెప్పకండి. నేనే మెల్లిగా చెప్పుకుంటాను.’’

ఇక నావల్ల కాలేదు. తాళం తీశాను. సొరుగు లాగి ఎర్ర పుస్తకం ఆయన ముందు పెట్టాను.

‘‘మాస్టారూ, మీరు రాసేరు. నేనే తీసేసేనండి.’’

ఆయనకు అర్థం కాలేదు. నా మొహం చూశారు.

‘‘మీరు రాసేరండీ. ఇందులో ఉంది. చివర్లో ఉంది. కువైట్ అని కూడా రాసేరు. చదవకుండా నేనే తీసేసేను. మీది తప్పని ప్రిన్సిపాల్ గారికి అబద్ధం చెప్పింది కూడా నేనే.’’ ఆ తరవాత నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన నా ఏడుపు పట్టించుకోనే లేదు. పుస్తకం లాక్కుని చివరి పేజీలు తిప్పారు. దొరికింది. లైను కింద వేలు పెట్టారు. చదివారు. మొదటి లైను గొణుగుతూ, రెండోది గట్టిగా, నాలుగో లైనుకొచ్చేసరికి బయట వరండాలో పిల్లలకు కూడా వినబడేంత గొంతుతో. సాక్షి పేరు ఎక్కడ దాచాలో ఆ లైనూ వచ్చింది. సెమికోలన్ దగ్గర ఆగారు. ఊపిరి తీసుకున్నారు.

‘‘రాసేను!’’ అన్నారు. ‘‘రాసేనండీ! అమ్మయ్యా!’’

నేను తిట్లకోసం తల వంచుకుని నిలబడ్డాను. ఆయన లేచి నా రెండు చేతులూ పట్టుకున్నారు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, నవ్వుతున్నారు.

‘‘మీరు తీసేసేరా! ఎంత చల్లని మాట చెప్పేరండీ అమ్మాయిగారూ! మీరే తీసేసేరా?’’

‘‘నేనేనండి.’’

‘‘ఖాయమేనాండీ?’’

‘‘ఒట్టండీ మాస్టారూ.’’

జీవితంలో నన్నెవరూ ఓ తప్పుకి అంతగా మెచ్చుకోలేదు.

తరవాత పని ఎంతసేపు? ఆయన పైకి చదివారు, నేను టైపు చేశాను. ఓటీపీ అందని వాళ్లందరినీ ఆ దారికి మళ్లించాం. సాక్షి మాట ఆ ఒక్క పూటకే చెల్లేట్టు, సాక్షి పేరు పక్కన ఎన్ని గంటలకో కూడా రాసి ఉండేట్టు నేను రెండు ముక్కలు కలిపాను. ‘‘ఇది బాగుందండీ, ఇది నాకు తట్టలేదు’’ అన్నారాయన, తట్టలేదన్న మాట హాయిగా అంటూ. రెండున్నరకు ముమ్మిడివరం అమ్మాయి వాళ్ల కెమిస్ట్రీ మేడమ్ పేరు ఎంచుకుంది. మేడమ్ స్టాఫ్‌రూములోంచి తొంగిచూసి, పిల్ల మొహం చూసి, మీట నొక్కింది. తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి ముందు పోర్టల్‌కి, తరవాత మాకు దణ్ణం పెట్టింది. నాలుగుంపావుకు ముప్పై ఒక్క పేర్లూ లిస్టులోకెక్కాయి.

ప్రిన్సిపాల్ గారి గదిలోకి నేనొక్కదాన్నే వెళ్లాను. మొత్తం చెప్పాను. ఆయన అంతా విని, ‘‘మాస్టారు భోంచేశారా?’’ అని అడిగారు. నాకు పడాల్సిన చీవాట్లు మర్నాడు పడ్డాయి, లోటేమీ చేయలేదు. ఆ సాయంత్రం మాత్రం ముందు అదే అడిగారు.

భోంచేయలేదు. ఫోను వచ్చినప్పటినుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదట. క్యాంటీన్లో కూర్చోబెడితే పెసరట్టు మీద పెసరట్టు మూడు తిన్నారు. తింటూ, అట్లు వేసేతనితో చెప్పారు, ‘‘కోడ్ నేను రాసేనండీ. ఈ అమ్మాయిగారు తీసేసేరు!’’ అని. అతను ఏమనుకోవాలో తెలియక నన్ను చూశాడు. తల ఊపాను. కాఫీ తాగుతూ లైబ్రేరియన్ గారికి చెప్పారు. గేటు దగ్గర వాచ్‌మన్‌కి చెప్పారు. ఎవరికి చెప్పినా ఆ రెండు ముక్కలే, అదే సంబరం. పక్కన నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. చచ్చిపోతూనే ప్రతిసారీ తల ఊపుతున్నాను.

రాజోలు బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. బస్సు ఇంకా కదలనేలేదు, పక్క సీట్లో కొబ్బరికాయల సంచీతో కూర్చున్న పెద్దాయన్ని తట్టి, కిటికీలోంచి నన్ను చూపించి చెప్పడం మొదలెట్టారు. ఆ పెద్దాయనకు కోడ్ అంటే ఏమిటో, తీసేయడం ఏమిటో బొత్తిగా తెలియదు. మెడ బయటికి చాచి నన్నడిగాడు, ‘‘నిజమేనాండీ? ఈయన రాసేరటా, మీరు తీసేసేరటా?’’

బస్టాండులో అందరూ నావైపు తిరిగారు.

‘‘ఆయ్,’’ అన్నాను, అందరికీ వినబడేట్టు. ‘‘ఆయన రాసేరండీ. నేనే తీసేసేను.’’